నడిమి గింజ

బూర్గంపాడు,
సోమవారం

జంపక్కకు,

భద్రయ్య రాస్తున్నాను. ఉత్తరం మొదట్లో అందరూ బాగున్నాము అని రాస్తారు. కోళ్లు బాగున్నాయి. ఎర్రపెట్ట పన్నెండు గుడ్ల మీద పొదుగుకు కూర్చుంది. నా సంగతి తరువాత రాస్తాను.

దీన్ని నీకు చదివి వినిపించేది నీ తమ్ముడి భార్య నాగలక్ష్మి అని నాకు తెలుసు. అందుకే ముందు ఆమెకు ఒక మాట. చెల్లెమ్మా, ఆశా పని మీద ఇల్లిల్లూ తిరిగి వచ్చి ఉంటావు. కాళ్లు కడుక్కో, నీళ్లు తాగు, తరువాత చదువు. మెల్లగా చదువు. మధ్యలో నీ మాట కలపకు. మీ ఆయన రాజు ఇంట్లో ఉంటే ఏదో పని చెప్పి బయటికి పంపు. బావ ఉత్తరం రాశాడని తెలిస్తే ఏడాది పాటు నవ్వుతాడు.

జంపక్కా, మీ పుట్టింటి గూడెంలో, ఆ గుంపులో సిగ్నల్ ఉంటే ఫోన్ చేసేవాడినే అనుకోకు. ఉన్నా చేసేవాడిని కాదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే నాకు ఆ, ఊ, సరే అనే మూడు మాటలు తప్ప రావు. ఎదురుగా కూర్చుంటే అవి కూడా రావు. రాయడమైతే చేతనవుతుంది.

నువ్వు పోయి నేటికి పదమూడు రోజులు. నోటుబుక్కు చూసి రాస్తున్నాను. ఫారెస్టు నర్సరీలో ఎన్ని మొక్కలకు నీళ్లు పోశాము, ఎన్ని బతికాయి, ఎన్ని ఎండాయి అని రిజిస్టరులో రాసి, ఇంటికి వచ్చాక నా సొంత నోటుబుక్కులో రోజుకు ఒక వరుస రాసుకోవడం నీకు తెలిసిందే. ఏముంటుంది అందులో, అని నువ్వు ఒకసారి అడిగావు. ఏమీ ఉండదు. వాన పడింది. మేక ఈనింది. దడి కట్టాను. ఉన్నది ఉన్నట్టు రాయడమే నాకు తెలిసిన చదువు. నేను బడి మెట్లు ఎక్కలేదు. నర్సరీలో మడి మడికీ పాతిన రేకుల మీద టేకు, వేప, నేరేడు అని రాసి ఉండేది. మొక్క నాకు ముందే తెలుసు, కనుక అక్షరాలను ఒక్కొక్కటిగా పోల్చుకున్నాను. వేప మడిలో టేకు అని రేకు పాతి ఉంటే నాకు ఈ జన్మలో చదువు వచ్చేది కాదు.

నువ్వు పోయిన రోజు వరుస ఇది: ‘జంపక్క పుట్టింటికి పోయింది. అన్నం వండి పోయింది.’

దాని ముందురోజు వరుస: ‘సర్వే అమ్మాయి వచ్చింది.’ అంతే రాశాను. ఆ రోజు జరిగింది ఒక వరుసలో పట్టేది కాదు. ఇప్పుడు రాస్తాను.

మెడలో కార్డు వేసుకుని, చేతిలో ట్యాబు పట్టుకుని, హేమలత అనే ఆ పిల్ల మన గుమ్మం ముందు నిలబడింది. నువ్వు వాకిట్లో కూర్చుని చింతపండు పిక్క తీస్తున్నావు. మన వాడకట్టు రాందాస్ తన ఆటో రోడ్డు పక్కన ఆపి చుట్ట వెలిగించుకుంటున్నాడు.

“అన్నా, మీరుంటున్న ఈ చోటుతోని మీరు సంతోషంగ ఉన్నరా? చాలా సంతోషం, సంతోషం, ఫర్వాలేదు, లేదు, అసలే లేదు. ఈ ఐదిట్ల ఒకటి చెప్పాలె” అన్నది.

“లేదంటే ఇంకో ఇల్లిస్తరా చెల్లే?” అని రాందాస్ అక్కడి నుంచే అడిగాడు. “ఇస్తమంటే చెప్పు, నా పేరు మీద నాలుగుసార్లు లేదని కొట్టు.”

“ఏం ఇయ్యరన్నా. ఊరికెనే అడుగుతున్నం.”

“ఊరికెనే అయితే సంతోషమే రాస్కోరాదు. ఏం పోయింది.”

అందరూ నవ్వారు. నువ్వు నవ్వలేదు. నేను మనసులో అనుకున్నాను: రోడ్డు ఉంది, పంపు ఉంది, గోదారి ఇక్కడిదాకా రాదు, దవాఖానాకు బండి మీద పావుగంట. ‘సంతోషం’ అన్నాను. ఆ పిల్ల నీ వైపు తిరిగింది.

“అక్కా, మరి మీరు?”

నీ చేయి పిక్క మీద ఆగింది. నువ్వు తలెత్తావు. నోరు తెరిచావు. నేను చూశాను. చూడలేదని నువ్వు అనుకుంటున్నావేమో, చూశాను. చూసే, నీకంటే ముందు మాట్లాడాను.

“ఆమెది గూడ అదే రాయమ్మా.”

“అక్కను చెప్పనియ్యన్నా.”

“ఒక ఇంట్ల రెండు మాటలుండవ్.”

ఆ పిల్ల నిన్ను చూసింది, నన్ను చూసింది, వేలితో నొక్కింది. నువ్వు మళ్లీ పిక్క తీసుకున్నావు. తెల్లారి మొదటి బస్సుకు పోయావు.

నీ మాట నేను చెప్పాను. తప్పు. ఆ మాట రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నువ్వు ఏమి చెప్పబోయావో అడగను. వస్తే రా. రానంటే ఆ మాట నాగలక్ష్మితో చెప్పించు. పెట్ట పొదుగు దిగేలోపు తెలిస్తే చాలు.

ఇంట్లో ఉన్న
భద్రయ్య


బూర్గంపాడు,
గురువారం

జంపక్కకు,

నిన్న భద్రాచలంలో ఆశాల మీటింగు దగ్గర నాగలక్ష్మి కనిపించింది. కనిపించింది అనడం అబద్ధం. నేనే సెలవు పెట్టి పోయి గేటు దగ్గర నిలబడ్డాను.

“చదివిన అన్నా. మధ్యల ఏం మాట్లాడలే, ఒట్టు” అన్నది.

“ఏమన్నది?”

“రెండుసార్లు చదివించుకున్నది. ‘మీ అన్నకు అసలు సంగతి రాయనీకి చెయ్యి రాదు’ అన్నది. ఇగ లేసి పుల్లలకు పోయింది.”

అసలు సంగతి ఉందని నీకు ఎలా తెలిసింది? బస్సులో వస్తున్నంతసేపూ అదే ఆలోచించాను. తెలిసే ఉంటుందని నాకు తోచింది. మన పిల్ల పోయిన నాటి నుంచి నువ్వు నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. ‘కళ్యాణి నాయినా’ అనేదానివి. ఇప్పుడు ‘ఇగో’ అంటావు, లేకపోతే గిన్నె చప్పుడు చేస్తావు. ఎందుకో నేను అడగలేదు. నాకు తెలుసు గనుక అడగలేదు.

చెల్లెమ్మా, ఇక్కడి నుంచి చదివింది నీ దగ్గరే ఉంచుకో.

గోదారి ఇళ్ల మీదికి వచ్చిన ఏడు మన పాత గుంపు మునిగింది. ఈ రోడ్డు పక్కన ఇంటిజాగాలు ఇస్తామన్నారు. చీటీ తీస్తే మనకు కొసన ఉన్న జాగా వచ్చింది. పునాది తవ్వకముందు నేలను అడగాలని మీ అయ్య పట్టుబట్టాడు. మీ గుంపులో పెద్దలు చేసే పద్ధతి. ఇల్లు లేచే చోట నడుమ పేడతో అలికి, ఒక వరుసలో మూడు వడ్లగింజలు పెట్టించాడు. తూర్పు గింజ ఇంటి మగవాడిది. నడిమిది ఇల్లాలిది. పడమటిది పిల్లది. వాటి మీద కొత్త కుండ బోర్లించాడు. “పొద్దుగాల నేనే లేపుత. అప్పటిదాంక ఎవరు గూడ ముట్టొద్దు. మూడూ ఉంటే నేల రమ్మన్నట్టు. ఏది లేకుంటే ఆ మనిషిని ఒద్దన్నట్టు” అన్నాడు. నువ్వు విన్నావు, నేను విన్నాను. పదేళ్ల కళ్యాణికి అవేమీ పట్టలేదు. “అమ్మా, ఈడ బస్సు ఆగుతది. బడికాడికి పోతది” అని రోడ్డుకూ జాగాకూ పరుగులు తీసింది.

తెల్లవారుతుండగా నేను ముందుగా పోయాను. నమ్మకం ఉండి పోయానో, నమ్మకం లేక పోయానో నాకే తెలియదు. మనకు ఇచ్చింది ఒకే జాగా. ఇది వద్దంటే మళ్లీ మునిగిన చోటికే పోవాలి. కుండ కొద్దిగా లేపి చూశాను. తూర్పు గింజ ఉంది. పడమటి గింజ ఉంది. నడుమ లేదు. అలుకు మీద గింజ ఆనిన గుర్తు మాత్రం ఉంది. పక్కనే ఒక చీమ తిరుగుతోంది.

పోయింది నీ గింజ, జంపక్కా.

మొలలో మిగిలిన వడ్లు ఉన్నాయి. ఒకటి తీసి నడుమ పెట్టాను. కుండ బోర్లించి, వేపపుల్ల నములుతూ రోడ్డు మీదికి వచ్చాను. కొంతసేపటికి మీ అయ్య అందరి ముందూ కుండ లేపి, “మూడూ ఉన్నయ్ బిడ్డా, నేల ఒప్పుకున్నది” అన్నాడు. కళ్యాణి చప్పట్లు కొట్టింది. ఆ రోజు నా నోటుబుక్కులో ఇలా ఉంది: ‘గింజలు మూడూ ఉన్నాయి. ముగ్గు పోశాము.’ ఇన్నేళ్ల పుస్తకాల్లో నేను రాసిన అబద్ధం అదొక్కటే.

అప్పటి నుంచి నీకు ఏదో అవుతుందని నా భయం. పైకి చెప్పలేను. చెబితే గింజ సంగతి చెప్పాలి. అందుకే నిన్ను తునికాకుకు పోనివ్వలేదు. ఇప్పపువ్వు ఏరడానికి పోతానంటే పోట్లాడాను. వాగు దాటనివ్వలేదు. పాము ఉంటుందని పుల్లలు నేనే తెచ్చాను. “నేనేమన్న దొంగతనం చేసిన్నా, ఎనకెనక తిరుగుతున్నవ్?” అని నువ్వు మొఖం మీదే అడిగావు. కాపలా కాసే మొగుడని వాడకట్టులో నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. సర్కారు ఇచ్చిన రెండు దోమతెరలలో ఒకటి చిరిగితే, బాగున్నది నీ మంచానికి కట్టాను. నువ్వు విప్పి పిల్ల మంచానికి కట్టావు. నేను తిరిగి నీకే కట్టాను. మూడుసార్లు అలా అయింది. నాలుగోసారి నీ మీద అరిచాను. తెర నీకే ఉండిపోయింది.

ఇక పిల్ల పోయిన ఆ వానాకాలం.

ఇద్దరికీ జ్వరం వచ్చింది. పిల్లకు గోళీ వేస్తే పొద్దున్నకు ఒళ్లు చల్లబడి నిద్రపోతోంది. నువ్వు వణుకుతున్నావు. వణికే నిన్ను చూడగానే నాకు నడుమ ఖాళీగా ఉన్న అలుకు కనిపించింది. ఇదే అది అనుకున్నాను. రాందాస్ ఆటో పిలిచాను.

“నాకేం గాదు. పిల్లను తీస్కపో” అన్నావు. ఇంట్లో ఒకసారి, ఆటో ఎక్కుతూ ఒకసారి, దవాఖానాలో గ్లూకోజు ఎక్కుతుండగా ఒకసారి. “ఇంటికి పో, దాన్ని చూడు” అని నా చేతి మీద గిల్లావు కూడా. నేను నీ మంచం పక్క నుంచి లేవలేదు. నిన్ను వదిలి పోతే పోతావని నా భయం. పక్కింటివాళ్లకు చెప్పి వచ్చాను గదా, పిల్లకు తగ్గింది గదా అనుకున్నాను. పొద్దు వాలే వేళకు రాందాస్ కళ్యాణిని ఆటోలో పడుకోబెట్టుకుని వచ్చాడు. డాక్టర్లు చేయగలిగింది చేశారు. ఆలస్యం చేసింది నేను.

నేను నిన్ను కాపాడుకున్నాను. పిల్ల వైపు చూడలేదు. దాని గింజ ఉన్న చోటనే ఉంది గదా అని ధీమా. ఈ నేల నిన్ను వద్దన్నది, ఆ సంగతి దాచి నిన్ను ఇక్కడ ఉంచాను. నీ మీద పడవలసింది పిల్ల మీద పడింది. సర్వే పిల్ల అడిగినప్పుడు నువ్వు నోరు తెరిస్తే, ఈ చోటు మీద నువ్వు చెప్పే మాట నా మీద చెప్పే మాటే అవుతుందని భయపడ్డాను.

నిన్న ఆ పాత నోటుబుక్కు తీసి ఆ వరుస కొట్టేశాను. పక్కన ‘నడిమి గింజ లేదు. నేను పెట్టాను’ అని రాశాను. ఇప్పుడు అందులో అబద్ధం లేదు. నువ్వు రాకపోయినా నేను అడగను. చింతపండు నాగలక్ష్మి చేతికి ఇచ్చాను, నువ్వు పిక్క తీసినంతవరకే. మిగతాది అట్లాగే ఉంది.

భద్రయ్య


రేగులగుంపు,
ఆదివారం

(అన్నా, వదిన చెప్పింది చెప్పినట్టు రాస్తున్న. నా మాట ఒక్కటి గూడ కలపలే. రాజును ఇంట్ల లేకుండ పంపిన. నాగలక్ష్మి.)

కళ్యాణి నాయినకు,

నువ్వు రాసింది విన్న. నాగలక్ష్మి మధ్యల రెండుసార్లు ఏడ్చింది, నేను ఏడ్వలే. ఏడిస్తే మళ్ల మొదటికెంచి చదవాల్సొస్తదని ఆపుకున్న.

నువ్వు రాసిన దాంట్ల ఒకటి తప్పున్నది. నీ పుస్తకంల కొట్టేసి రాసినవ్ సూడు, అది గూడ నిజం గాదు. మళ్ల కొట్టెయ్యాలె.

ఆ పొద్దు నీకన్న ముందు నేను పోయిన. మా అయ్య లేవకముందే పోయిన. కుండ లేపిన. నీ గింజ ఉన్నది, నా గింజ ఉన్నది. పడమటి గింజ లేదు. పిల్ల గింజ. ఆడంత ఎతికిన. అలుకు మీద చెయ్యి పెట్టి ఎతికిన. చీమలు వరుసగ పోతున్నయ్.

నీ మొలల ఉన్నట్టు నా మొలల వడ్లు లేవు. ఉన్నా పెట్టకపోదును. కొత్తది పెడితే అది నేలను మోసం చేసినట్టు. అందుకని నడుమ నుంచి నా గింజ తీసి పిల్ల చోట్ల పెట్టిన. పిల్ల బదులు నన్ను తీస్కోమని మొక్కిన. మా అయ్య లేపి చూసి నడుమ లేదంటే నేను సూసుకుంట అనుకున్న. నన్నొక్కదాన్ని ఒద్దంటే ఏమాయె, పిల్ల బడికి పోతది, బస్సు ఎక్కుతది. అయ్య కుండ లేపితే మూడూ ఉన్నయ్. నేల నా మాట ఇన్నది, నా బదులు గూడ ఒద్దన్నది, అందర్నీ రమ్మన్నది అనుకున్న. సంతోషపడ్డ కళ్యాణి నాయినా. ఆ జాగాల నేను సంతోషపడ్డది ఆ పొద్దే.

మళ్లా నాల్గు దినాలకే అనుమానమొచ్చింది. చీమ ఎత్కపోయిన గింజ ఎట్ల తిరిగొస్తది? నువ్వు పెట్టినవని నాకు తోచలే. నువ్వు అబద్ధం రాయవ్ గద. అందుకే పిల్లను కండ్లల్ల పెట్టుకున్న. దోమతెర అందుకే మార్చిన. నువ్వు మళ్ల నాకు కట్టినప్పుడల్ల, ఈయనకు పెండ్లాం మీద ఇంత పావురమా, పిల్ల మీద ప్రేమ లేదా అనుకున్న. నీకు చెప్దామంటే గింజ ముట్టిన సంగతి చెప్పాలె. ముట్టొద్దన్నది ముట్టినోళ్లకే తగుల్తదని మా అయ్య అనేటోడు. ఆయన పోయేదాంక ఆయనకు గూడ చెప్పలే.

దవాఖానల నీ చెయ్యి గిల్లిన్నని రాసినవ్. గిల్లుడు గాదు, గుంజిన. అప్పుడన్న చెప్పాల్సుండె. పడమటి గింజ పోయిందయ్యా, పో, అని ఒక్కమాట అంటే నువ్వు ఉరుకుదువు. నోటిదాంక వచ్చింది. చెప్తే నిజమైతదని మింగిన.

నువ్వు నన్ను కావలి కాసింది నేను చేసిన పనికి. నేను గింజ జరపకుంటే నీకు పిల్ల చోటే ఖాళీగ కనపడుతుండె. నువ్వు పిల్లను కావలి కాద్దువు. నీ అంత కావలి ఎవ్వరు కాయరు. అది బతికుంటుండె. ఇది తలుచుకుంటె నాకు అన్నం దిగదు. నీకు కోపమొస్తె రానియ్యి. నీ పుస్తకంల నా పేరు పెట్టి రాస్కో. నువ్వొక్కనివే ఎత్తుకున్నవ్ ఆలస్యమంత, సగం నాది, సగం కన్న ఎక్కువ నాది.

నిన్ను పేరు పెట్టి పిలవంది కోపంతోని గాదు. నిన్ను ‘కళ్యాణి నాయినా’ అంటే దాని పేరు నోట్లకొస్తది, దాని ఎనకాల ఇదంత వస్తదని. ఇయ్యాల అన్న. నాగలక్ష్మి రాసింది, పైన ఉన్నది సూడు.

సర్వే పిల్ల అడిగిన్నాడు నేను ఏం చెప్పబోయిన్నో నాకే తెల్వదు. ఆ జాగాల నాలుగేండ్లల్ల నన్ను ఎవరన్న నీకెట్ల ఉన్నదని అడుగుడు అదే మొదలు. నోరు తెరిస్తె ఇదంత వస్తదనిపించింది, రాందాస్ ముంగట, ఆ పిల్ల ముంగట. నువ్వు ఆపితివి, మంచిగనే ఆయె అనుకున్న. ఇంట్ల ఉంటే నీకు చెప్పేస్తనని భయమేసి బస్సెక్కిన. నువ్వు నా మాట చెప్పినవని పోలే. నేను పిల్ల చోట్ల నా గింజ పెట్టిన్నాడు ఎవర్నడిగిన?

ఈడ మా అమ్మగారి గుంపుల మంచిగున్నది. నీళ్లు చల్లగుంటయ్, ఇప్పచెట్లు దగ్గర. నన్ను ఎవరు ఏం అనరు. అయినా పొద్దుగాల లేస్తె పడమటి దిక్కే సూపు పోతది, ఆడ ఏం లేకున్నా. కళ్యాణి సమాధి రాయికాడ నువ్వు పెట్టిన నేరేడు మొక్కకు నీళ్లు పోస్తున్నవో లేదో నీ రెండుత్తరాలల్ల రాయలే. ఎర్రపెట్ట సంగతి రాసినవ్. ఎండలు ముదురుతున్నయ్. నీ నర్సరీల వెయ్యి మొక్కలకు పోస్తవ్, దానికి పోసినవా?

మంగళవారం నాగలక్ష్మి భద్రాచలం పోతది. దాని వెంట వస్త. నువ్వు బస్టాండుకు రాకు, నేను ఎక్కడిదాంక పోతన్నో అని ఎనకెనక రాకు. నాకు ఏం గాదు. కావాల్సింది ఎప్పుడో అయింది. ఆ చింతపండు అట్లనే ఉంచు, నేనే తీస్త.

ఇంకొకటి. ఆ హేమలత మళ్ల వస్తె నువ్వు నర్సరీకి పో. నన్ను అడగనియ్యి. ఈ చోటుతోని సంతోషంగ ఉన్నవా అంటె అసలే లేదు అంట. మరి ఎందుకున్నవ్ అక్కా అంటె, నా బిడ్డ ఈ నేలల్నే ఉన్నది, దాన్ని ఇడిచి యాడికి పోను అంట. ఆ పిల్ల చెప్పిన ఐదిట్ల అది లేదు. ఎట్ల రాస్కుంటదో రాస్కోనియ్యి.

జంపక్క,
ఎడమచెయ్యి బొటనవేలు ముద్ర